బడి వడ్రంగం గదిలో పని ఎక్కడ చెడుతోంది, ఎలా సరిచేయాలి

వడ్రంగం తరగతిలో పని చెడినప్పుడు "పిల్లలకు ఇంకా చెయ్యి తిరగలేదు" అని సరిపెట్టుకోవడం ఉపాధ్యాయులకు అలవాటు. నా అనుభవంలో అది అన్నిటికన్నా చివర అనవలసిన మాట. ముందు పనిముట్టు అంచును, తరువాత కర్రను, ఆ తరువాత బల్ల ఎత్తును చూసి, ఈ మూడింటిలోనూ తప్పు దొరకనప్పుడే పిల్లల చేతి దాకా రావాలి. కింది సమస్యలన్నిటినీ వీలైనంత వరకు ఆ వరసలోనే వివరించాను.

ఉలి కోయడం లేదు, కర్రను నలిపేస్తోంది

కర్ర కొస ముఖాన్ని ఉలితో చెక్కినప్పుడు అది నునుపుగా మెరవాలి. అలా కాక పొడిపొడిగా రాలుతూ తెల్లగా నలిగిన మచ్చలు మిగిలితే ఉలికి పదును పోయిందని అర్థం. విద్యార్థి ఆ సంగతి గ్రహించక కొయ్యసుత్తితో మరింత గట్టిగా కొడతాడు, అప్పుడు ఉలి జారుతుంది. మొద్దు ఉలికి బలం ఎక్కువ పెట్టాలి కాబట్టి, జారినప్పుడు అది ఎంత దూరం పోతుందో ఎవరి చేతిలోనూ ఉండదు.

పదును ఉందో లేదో తేల్చడానికి ఉలి అంచును దీపం కిందికి తెచ్చి కంటికి ఎదురుగా పట్టుకుని నెమ్మదిగా వంచి చూడాలి. నిజంగా పదునైన అంచుకు వెడల్పు ఉండదు కనుక వెలుగును తిప్పికొట్టే చోటే ఉండదు, అంచు నల్లగా కనిపిస్తుంది. మొద్దుబారిన చోట వెండి దారంలా సన్నని తెల్లగీత మెరుస్తుంది, అంచు విరిగిన చోట చుక్కలా వెలుగుతుంది. ఈ పరీక్షను పిల్లలకు ఒక్కసారి చూపిస్తే చాలు, ఆ తరువాత వాళ్ళే ఉలి తెచ్చి "తెల్లగీత వచ్చింది" అని చెబుతారు.

సాన పట్టేటప్పుడు ఏటవాలును 25 డిగ్రీలకు అరగదీసి, కొసన మాత్రం 30 డిగ్రీలకు పదును పెట్టడం సాధారణ పనికి సరిపోతుంది. 1000 గ్రిట్ (రాయి ఎంత నున్ననిదో చెప్పే సంఖ్య) సానరాయి మీద ఉలి వెనకవైపున సన్నని గరుకు వేలికి తగిలేదాకా రుద్దాలి. ఆ గరుకు అంచు పొడవునా తగలాలి. మధ్యలో తగిలి మూలల్లో తగలకపోతే పని సగమే అయినట్టు. తరువాత నున్నటి రాయి మీదికి మారి, చివరగా ఉలి వెనకభాగాన్ని రాయి మీద పూర్తిగా ఆనించి ఆ గరుకును తీసేయాలి. పిల్లలు తప్పు చేసేది సరిగ్గా ఇక్కడే: గరుకు త్వరగా పోతుందని వెనకభాగాన్ని కొద్దిగా పైకెత్తుతారు, దాంతో వెనక కూడా చిన్న ఏటవాలు ఏర్పడి, ఉలి ఇక ఎప్పుడూ తిన్నగా దిగదు. గ్రైండర్ వాడేచోట అంచు నీలిరంగుకు తిరిగితే ఉక్కు వేడికి మెత్తబడిపోయినట్టే. నీలం ఉన్నంత మేరా అరగదీసి తీసేయడం తప్ప వేరే మార్గం లేదు, కాబట్టి మాటిమాటికీ నీళ్ళలో ముంచుతూ పట్టాలి.

ఎంత సాన పట్టినా అంచు నేరుగా రావడం లేదంటే ఉలిని కాదు, రాయిని చూడండి. బడిలో రాళ్ళు మధ్యలోనే అరిగి పళ్ళెంలా గుంటపడతాయి. మందపాటి గాజుపలక మీద నీటి సాండ్‌పేపర్ పరిచి రాయిని దాని మీద రుద్దితే మళ్ళీ చదునవుతుంది.

తోపడా పట్టినచోట పెచ్చులు లేస్తున్నాయి

కొందరు రందా అని పిలిచే ఈ తోపడాతో చిత్రిక పట్టినప్పుడు, అంటే చెక్క మీది పొరలు తీసి నునుపు చేసినప్పుడు, ఉపరితలం మీద గుంటలు పడుతూ పెచ్చులు లేస్తే, మొదటి కారణం కర్ర నారకు ఎదురుగా తోయడమే. చెక్క పక్కభాగాన్ని చూస్తే నారగీతలు ఒకవైపుకు ఎక్కుతూ కనిపిస్తాయి. పిల్లి వీపును తల నుంచి తోకకు నిమిరినట్టు, ఆ గీతలు పైకి ఎక్కే దిశలోనే తోయాలి. చాలాసార్లు చెక్కను ఇటుది అటు తిప్పి బిగించడంతోనే సమస్య తీరుతుంది.

ముడి ఉన్నచోట నార రెండు దిక్కులకూ తిరుగుతుంది కనుక ఎటు తిప్పినా లాభం ఉండదు. అక్కడ బ్లేడుకు కొత్తగా పదును పెట్టి, కోత మందాన్ని బాగా తగ్గించి, బ్లేడు మీద బిగించే క్యాప్ ఐరన్‌ను అంచుకు అర మిల్లీమీటరు దూరానికో, అంతకన్నా దగ్గరికో జరపాలి. పొర పైకి లేవగానే ఆ పట్టీ దాన్ని విరిచేస్తుంది, కాబట్టి చీలిక ముందుకు పాకదు. అయితే క్యాప్ ఐరన్‌కూ బ్లేడుకూ మధ్య వెంట్రుకంత సందు ఉన్నా పొరలు అందులో దూరి తోపడా నోరు మూసుకుపోతుంది. అలా జరిగితే క్యాప్ ఐరన్ అంచును సానరాయి మీద చదును చేయాలి.

చెక్క రెండు కొసలూ పల్లమై మధ్యభాగం ఎత్తుగా మిగిలితే అది ఒత్తిడి దోషం. తోపు మొదట్లో ముందుపిడి మీద, చివర్లో వెనకపిడి మీద బరువు మోపాలి. కానీ ఈ మాట పదిసార్లు చెప్పినా ఫలితం కనిపించకపోతే బల్ల ఎత్తు చూడండి. నేను పనిచేసిన ఒక పాఠశాలలో పెద్దలకు సరిపోయే 85 సెంటీమీటర్ల బల్లల దగ్గర ఆరో తరగతి పిల్లలు నిలబడేవారు. మోచేతులు భుజాల దాకా లేచేవి, శరీరం బరువు తోపడా మీదికి వచ్చేదే కాదు. కాళ్ళ కింద కదలకుండా బిగించిన చెక్క వేదికలు వేయించిన వారంలోనే సగం మంది చిత్రిక సరిపడింది. నిలబడి చేయి కిందికి వదిలితే మణికట్టు ఉండే ఎత్తుకు కాస్త అటూ ఇటూగా బల్ల ఉంటే చిత్రిక పనికి సుఖంగా ఉంటుంది.

రంపం గీత తప్పుతోంది, లేదా మధ్యలో ఇరుక్కుంటోంది

గీత తప్పడంలో తప్పు రంపానిదా, చేతిదా అని తేల్చడానికి సులువైన పరీక్ష ఉంది. అదే రంపంతో ఇద్దరు విద్యార్థుల చేత కోయించండి. ఇద్దరి కోతా ఒకే పక్కకు వెళితే రంపం దోషం, చెరో పక్కకు వెళితే చేతుల దోషం. రంపం పళ్ళు ఒకటి విడిచి ఒకటి ఎడమకూ కుడికీ వంగి ఉంటాయి, ఒకవైపు వంపు ఎక్కువైతే కోత ఆ వైపుకే లాగుతుంది. ఆ వైపు పళ్ళ పక్కన సన్నని సానరాయిని ఒకటి రెండుసార్లు తేలికగా లాగి, మళ్ళీ కోసి చూడాలి. చేతి దోషమైతే చూపుడువేలు రంపం రేకు వెంట చాచి పట్టుకోమని, భుజం, మోచేయి, రంపం ఒకే గీతలో ఉండేలా నిలబడమని చెప్పాలి.

రంపం ఇరుక్కుంటే పళ్ళ వంపు తగ్గి ఉండవచ్చు, కర్ర పచ్చిది కావచ్చు. చాలాసార్లు అసలు కారణం ఆధారం పెట్టిన తీరు: రెండు కొసలకూ ఆధారం ఇచ్చి మధ్యలో కోస్తే చెక్క కిందికి వంగి కోత మూసుకుపోతుంది. తెగిపడే ముక్క గాలిలో ఉండాలి. నిలువు కోతకూ అడ్డకోతకూ వేరువేరు రంపాలు ఉన్నాయన్నది కూడా మరచిపోకూడదు. నిలువు రంపం పళ్ళు చిన్న ఉలుల్లా, అడ్డ రంపం పళ్ళు చిన్న కత్తుల్లా పనిచేస్తాయి.

అతుకు కలవడం లేదు

కుసి, అంటే బెజ్జంలో దూరే నాలుక, లోపలికి వెళ్ళినా భుజం (కుసి మొదలయ్యే చోటి మెట్టు) దగ్గర సందు కనిపిస్తే లోపం కోతలో కాక గీతలో ఉంటుంది. ముందుగా మూలమట్టాన్ని పరీక్షించాలి: చెక్క తిన్నని అంచుకు ఆనించి ఒక గీత గీసి, మూలమట్టాన్ని బోర్లా తిప్పి అదే బిందువు నుంచి మరో గీత గీస్తే, రెండూ ఒకటి కావాలి. విడిపోతే ఆ తేడాలో సగం మూలమట్టం దోషం. అది సరిగా ఉంటే విద్యార్థి కొన్ని కొలతలు ఒక ముఖం నుంచి, మరికొన్ని ఎదురు ముఖం నుంచి తీసుకున్నాడేమో చూడాలి. ఒక ముఖానికీ ఒక అంచుకూ పెన్సిలుతో గుర్తు పెట్టించి, మూలమట్టమైనా, అంచుకు సమాంతరంగా గీత గీసే మార్కింగ్ గేజైనా ఆ గుర్తుల వైపు నుంచే ఆనించమని నియమం పెడితే ఈ తప్పు దాదాపు పోతుంది.

కుసి వదులైతే దాని చెంపకు చిత్రిక పొరను జిగురుతో అతికించి మళ్ళీ సరిచేయవచ్చు. ఖాళీని తెల్లజిగురుతో నింపుదామనుకోవడం వృథా, అది పలచని పొరగా ఉన్నప్పుడే పట్టు ఇస్తుంది.

నిన్న చదునుగా ఉన్న చెక్క ఇవాళ వంగింది

కర్ర ఆరేకొద్దీ పొడవులో దాదాపు మారదు కానీ అడ్డంగా కుంచించుకుంటుంది, అదీ వయసు వలయాల వెంట, వలయాలకు అడ్డంగా కుంచించుకునేదానికి దాదాపు రెట్టింపు. అందుకే చెక్క పళ్ళెంలా వంగుతుంది. కొన్న కర్రను పనిచేసే గదిలోనే, మధ్యలో సన్నని పుల్లలు పెట్టి గాలి ఆడేలా పేర్చి కొన్ని వారాలు ఉంచాలి. ఒక ముక్కను వారానికోసారి తూచి రాసుకుంటే, బరువు తగ్గడం ఆగినప్పుడు అది గది గాలికి సర్దుకుందని తెలుస్తుంది. చిత్రిక పట్టేటప్పుడు రెండు ముఖాల నుంచీ సమానంగా తీయాలి.

మేకుకు చెక్క చీలితే మేకు మొనను సుత్తితో కాస్త మొద్దు చేయండి, స్క్రూకైతే ముందు సన్నని రంధ్రం వేయండి.

తరగతిలో అందరూ ఒకేచోట తప్పుతున్నారు

ఒకరిద్దరు తప్పితే అది వారి సమస్య, ముప్పైమందీ ఒకే అంచెలో తప్పితే అది పాఠం సమస్య. 1870ల్లో స్వీడన్‌లోని నెస్‌లో ఓటో సాలొమన్ నడిపిన స్లాయిడ్ (చేతిపని ద్వారా చదువు చెప్పే పద్ధతి) శిక్షణలో వస్తువులను తేలికైన వాటి నుంచి కష్టమైన వాటికి వరసగా పేర్చి, నైపుణ్యాలను ఒక్కొక్కటిగా నేర్పేవారు. మన ప్రణాళికలో పిల్లవాడు మొదటి వస్తువులోనే రంపం, ఉలి, జిగురు మూడూ పట్టుకోవలసి వస్తే ఎక్కడ చెడిందో వాడికీ తెలియదు, మనకూ తెలియదు. ఒక్కో వస్తువుకు ఒక్క కొత్త పనిముట్టునే చేర్చండి.

చేసి చూపేటప్పుడు పిల్లలను ఎదురుగా నిలబెట్టకూడదు, వాళ్ళకు చేతులు అద్దంలోలా తిరగబడి కనిపిస్తాయి. మీ వెనక, భుజం పక్కన నిలబెట్టండి. ఎడమచేతివాటం పిల్లలకు మాత్రం ఎదురుగా నిలబడితేనే బాగా అర్థమవుతుంది. వాళ్ళ గీతలు మూలమట్టానికి దూరంగా జరిగిపోతుంటే చేతిని తప్పుపట్టక ముందు మార్కింగ్ కత్తిని చూడండి: ఒకవైపే ఏటవాలు ఉన్న కత్తి కుడిచేతివాళ్ళ కోసం చేసినది, రెండువైపులా సాన పట్టినది ఇస్తే గీత తిన్నగా వస్తుంది.