పెట్రోల్‌లో కలిపే క్లీనర్: ఏ బండికి పనికొస్తుంది, ఎలా వాడాలి

బంకులో కుర్రాడు చిన్న బాటిల్ చూపించి "సార్, ఇది పోయమంటారా, మైలేజీ పెరుగుతుంది" అంటే వెంటనే సరే అనకండి. అది పెట్రోల్‌కి కొత్తగా బలమేమీ ఇవ్వదు, ఇంజిన్‌లోకి పెట్రోల్ చిమ్మే ఇంజెక్టర్ మొనకీ వాల్వులకీ పట్టిన కార్బన్‌ని వదిలిస్తుంది. మురికి వల్ల తగ్గిన మైలేజీ అయితే తిరిగొస్తుంది, శుభ్రంగా ఉన్న ఇంజిన్‌కి మాత్రం ఆ డబ్బు దండగ.

అందుకే ముందు ఒక స్పార్క్ ప్లగ్ విప్పించి చూడండి. కొస లేత గోధుమ రంగులో ఉంటే ఇంజిన్ బాగానే మండుతోంది, బాటిల్ అక్కర్లేదు. పొడి మసి పట్టి ఉంటే పెట్రోల్ ఎక్కువ పడుతోందని అర్థం, ముందు ఎయిర్ ఫిల్టర్ చూసి ఆ తర్వాతే క్లీనర్ సంగతి ఆలోచించండి. అదే ప్లగ్ నూనె జిడ్డుతో తడిగా ఉండి, సైలెన్సర్ నుంచి నీలం పొగ వస్తుంటే ఆయిల్ కాలుతున్నట్టే, దానికి ఏ బాటిలూ పనిచేయదు, మెకానిక్ దగ్గరికి వెళ్లాల్సిందే.

కొనేటప్పుడు లేబుల్ మీద పాలీఈథర్అమీన్ లేదా పీఈఏ అని ఉందా చూడండి, కార్బన్ మీద బాగా పనిచేసేది అదే. ట్యాంకు అడుగంటినప్పుడు ముందు బాటిల్ పోసి, ఆ వెంటనే ఫుల్ చేయిస్తే బాగా కలుస్తుంది. ఎంత పోయాలో లేబుల్ మీదే ఉంటుంది, ఎక్కువ పోస్తే ఎక్కువ శుభ్రమవుతుందని అనుకోవద్దు. కొంత క్లీనర్ ఇంజిన్ ఆయిల్‌లోకి కూడా దిగుతుంది కాబట్టి ఆయిల్ మార్చే గడువు దగ్గర్లో ఉన్నప్పుడు వాడటం మంచిది. పెట్రోల్ నేరుగా సిలిండర్‌లోకే కొట్టే డైరెక్ట్ ఇంజెక్షన్ బండ్లలో క్లీనర్ ఇన్‌టేక్ వాల్వులను, అంటే గాలి లోపలికి వచ్చే వాల్వులను, అసలు తాకదు, అక్కడి మసి దీనితో పోదు.

నా పాత కారు సిగ్నల్ దగ్గర ఆగితే చాలు, స్టీరింగ్ చేతిలో సన్నగా వణికేది. ఎయిర్ ఫిల్టర్ మార్చినా తగ్గలేదు, క్లీనర్ పోసిన ట్యాంకు సగం అయ్యేసరికి ఆ వణుకు పోయింది, మైలేజీ మాత్రం లీటరుకి అర కిలోమీటరు కూడా పెరగలేదు.

మీరూ కొలిచే చూడండి, డ్యాష్‌బోర్డు అంకె నమ్మకుండా ఒకే బంకులో నాజిల్ మొదటిసారి ఆగేదాకా ఫుల్ చేయించి, బాటిల్‌కి ముందు రెండు ట్యాంకులు, తర్వాత రెండు ట్యాంకులు లెక్క రాసుకోండి. పొల్యూషన్ చెక్ కూడా ముందూ వెనకా చేయించి స్లిప్పులో కార్బన్ మోనాక్సైడ్, హైడ్రోకార్బన్ అంకెలు పోల్చండి. ఇంజెక్టర్ కారుతుంటే మండని పెట్రోల్ బయటికొచ్చి హైడ్రోకార్బన్ పెరుగుతుంది, శుభ్రమయ్యాక అది తగ్గాలి. తగ్గకపోతే ఆక్సిజన్ సెన్సార్, క్యాటలిటిక్ కన్వర్టర్ చూపించండి.

ఈ20, అంటే ఇరవై శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్, వచ్చాక తగ్గిన మైలేజీకి మాత్రం ఇది మందు కాదు. లీటరు ఇథనాల్‌లో ఉండే శక్తి పెట్రోల్ కంటే దాదాపు మూడో వంతు తక్కువ, ఆ లోటు ఏ క్లీనరూ పూడ్చలేదు. నాకింగ్ ఆపడానికి పెట్రోల్‌లో కలిపే ఆక్టేన్ బూస్టర్ కూడా అంతే, ఇంజిన్ నాకింగ్ చేయకపోతే, అంటే లోపల టకటక కొట్టుకోకపోతే, దాని అవసరమే లేదు, పైగా ఇనుము, మాంగనీసు ఉన్న రకాలు ప్లగ్ తెల్ల పింగాణీ మీద ఇటుక రంగు పూత పెడతాయి, వాటి జోలికి వెళ్లకండి.