మ్యాచ్ అయ్యాక టేబుల్ కోసం పడిగాపులు లేకుండా

ఫుట్‌బాల్ మ్యాచ్ అవ్వగానే జనమంతా ఒక్కసారే హోటళ్ల మీద పడతారు. పిల్లలు ఆకలంటూ చొక్కా పట్టుకుని లాగుతుంటే గుమ్మం దగ్గర గంటసేపు నిలబడటం మాకు మామూలైపోయింది.

ఇప్పుడు హాఫ్‌టైమ్ విజిల్ పడగానే ఫోన్ చేసి, గంటన్నర తర్వాతకి టేబుల్ చెప్పేస్తున్నా. విరామం 15 నిమిషాలు, రెండో సగం 45, చివర్లో కలిపేది ఓ 5-10, గేటు దాటి నడవడానికి 20. లెక్క దాదాపు సరిపోతోంది. పిల్లలకి కావలసినవి ఆ ఫోన్‌లోనే ఆర్డర్ ఇచ్చేయండి. పెద్దవాళ్లం మెనూ తిరగేస్తూ ఎంతసేపైనా కూర్చుంటాం కదా!

నాకౌట్ మ్యాచ్‌లకి మాత్రం ఇది పనికిరాదు. స్కోరు సమమైతే సాధారణంగా ఇంకో 30 నిమిషాలు, ఆపైన పెనాల్టీలు. అలాంటి రోజు మేం ముందే తినేసి వెళ్తాం.