పేర్ల నుంచి పుట్టిన మాటలు – 7వ పాఠం: చాణక్యం

కిందటి పాఠంలో ‘భగీరథ ప్రయత్నం’తో రాయమన్న వాక్యాలు దగ్గర పెట్టుకోండి. చిన్నాచితకా పనులకు వాడితే ఆ మాట బరువు తగ్గుతుందని అక్కడ చూశాం. ఈసారి మాటకు అర్థమే తిరగబడుతోంది, అందుకే నెమ్మదిగా వెళ్దాం.

మొన్న ఒంగోలు నుంచి కావలి వస్తుంటే బస్సులో ముందు సీటాయన పక్కాయనతో అంటున్నాడు: “మా బామ్మర్ది చాణక్యుడు సామీ! దున్నినప్పుడల్లా గట్టును ఒక సాలు అవతలికి జరుపుతా వచ్చాడు. అయిదేళ్లకు రెండు గజాలు కలిసొచ్చింది, పక్క చేనోడికి తెలిస్తేనా!” నాకు మనసులో కలుక్కుమంది. ఆ పనికి తెలుగులో మాటలు లేవా? జిత్తు ఉంది, కుయుక్తి ఉంది, టక్కరితనం ఉంది. చాణక్యం దాకా పోనక్కర్లేదు.

చణకుడి కొడుకు కాబట్టి చాణక్యుడు అని సంప్రదాయం. విష్ణుగుప్తుడు, కౌటిల్యుడు కూడా ఆయన పేర్లేనంటారు. కౌటిల్యుడి పేర ఉన్న అర్థశాస్త్రం తాళపత్ర ప్రతి 1905లో మైసూరులో ఆర్. శామశాస్త్రి చేతికి వచ్చింది, 1909లో అచ్చయింది. ఆయన్ని మనం మంత్రిగానే తలుచుకుంటాం గాని, ఆ గ్రంథం మొదట్లోనే ఆన్వీక్షకిని, అంటే తర్కించి చూసే తత్వవిద్యను, అన్ని విద్యలకూ దీపమన్నాడు.

ఇక మాట తీరు. చతురుడి గుణం చాతుర్యం, నిపుణుడి గుణం నైపుణ్యం. ఆ వరసలోనే చాణక్యుడి గుణం చాణక్యం అయి మన నోట స్థిరపడింది. ‘చాణక్యం చూపాడు’, ‘ప్రదర్శించాడు’ అంటాం. ‘అపర చాణక్యుడు’లో అపర అంటే మరొక అని. కాబట్టి ‘అపర చాణక్యుడి లాంటివాడు’ అని రాయొద్దు, పోలిక రెండుసార్లు పడుతుంది. ఆడవాళ్ల గురించి రాసేటప్పుడు ‘ఆమె చాణక్యం చూపింది’ అంటే హాయిగా ఉంటుంది. ఒక్క జాగ్రత్త: ‘కౌటిల్యం’ అని మాత్రం మెచ్చుకోలుగా రాయకండి. అది కుటిలం నుంచి వచ్చే మాట, వంకరతనమనే అర్థం.

మరి చాణక్యానికి కొలత ఏది? విశాఖదత్తుడి సంస్కృత నాటకం ముద్రారాక్షసం చూడండి. చంద్రగుప్తుణ్ణి గద్దె ఎక్కించిన మంత్రి ఇంటికి రాజు పంపిన కంచుకి, అంటే అంతఃపురపు ముసలి ఉద్యోగి, వెళ్తాడు. అక్కడ కనిపించేవి పిడకలు చితక్కొట్టే రాయి, శిష్యులు తెచ్చిన దర్భల కుప్ప, ఎండబెట్టిన సమిధల బరువుకు వంగిన చూరు. అంతే. రాజ్యాన్ని తిప్పేవాడి ఇల్లది! నాటకమంతా ఆయన పన్నే పన్నాగాలే. గూఢచారులు, దొంగ ఉత్తరాలు, అన్నీ ఉన్నాయి. అయితే ఆ పన్నాగాలన్నీ శత్రుపక్షంలో ఉన్న రాక్షసుడనే పేరుగల అమాత్యుణ్ణి చంద్రగుప్తుడికి మంత్రిగా తెచ్చిపెట్టడానికే. అంటే తన కుర్చీలో ఇంకొకణ్ణి కూర్చోబెట్టడానికి! ఎత్తు ఉండాలి, ఓర్పు ఉండాలి, ఫలం తన గాదెలోకి పోకూడదు. నేను మాటను కొలిచేది ఈ మూడింటితోనే.

మన నెల్లూరులోనే ఉదాహరణ ఉంది. 13వ శతాబ్దంలో మనుమసిద్ధిని దాయాదులు గద్దె దించితే, మంత్రి తిక్కన ఓరుగల్లు వెళ్లి, భారతం వినిపించి గణపతిదేవుణ్ణి మెప్పించాడని, కాకతీయ సేన కదిలి వచ్చి మనుమసిద్ధికి రాజ్యం తిరిగి ఇప్పించిందని చెబుతారు. ‘తిక్కన చాణక్యం’ అని నిస్సంకోచంగా రాయొచ్చు.

ఇప్పుడు మీ వంతు. ధర పెరిగేదాకా పొగాకు బేళ్లు వేలానికి పెట్టకుండా ఆగిన రైతు ఒకడు. 60 కౌంటు (కిలోకు 60 తూగే) రొయ్యను 70 అని రాసుకుని డబ్బు తగ్గించిన కొనుగోలుదారు ఇంకొకడు. చెరువు నీళ్ల దగ్గర కొట్టుకునే రెండు ఊళ్ల పెద్దల్ని ఏడాదిపాటు విడివిడిగా కలిసి, ఎవరి తలా వంగకుండా రాజీ కుదిర్చి, సంతకాల రోజున వెనక బెంచీలో కూర్చున్న మాజీ సర్పంచి మూడోవాడు. ముగ్గురి మీదా తలో వాక్యం రాయండి. ‘చాణక్యం’ వచ్చిన చోట ‘కుయుక్తి’ పెట్టి మళ్లీ చదవండి. వాక్యం ఏమీ చెడకుండా నిలబడిందంటే అక్కడ చాణక్యం కొట్టేయండి.

వచ్చే పాఠం: చార్వాకం.