పాత క్యాంపర్ వ్యాన్ వేడెక్కుతోందా, డీజిల్ తాగేస్తోందా? ముందు థర్మోస్టాట్ ఉందో లేదో చూడండి

మాది 2009 మోడల్ టెంపో ట్రావెలర్, సీట్లన్నీ పీకించేసి మంచం, చిన్న సింకు, 100 లీటర్ల నీళ్ల ట్యాంకు పెట్టించుకున్నాం. పోయిన ఎండాకాలం ఎస్.కోట దాటి అరకు ఘాట్ ఎక్కుతుంటే ఇంజిన్ వేడి చూపించే ముల్లు ఎర్ర గీత దాకా పోయింది, దానికి తోడు లీటరుకి 11 ఇచ్చే బండి ఎనిమిదిన్నరకి పడిపోయింది. రెండూ వేర్వేరు రోగాలనుకుని వేర్వేరుగా డబ్బులు తగలేశా. తీరా చూస్తే రెండిటి మూలం ఒకటే.

ఫస్ట్ మైలేజ్ నిజంగా పడిందో లేదో తేల్చుకోండి. ట్యాంక్ ఫుల్ కొట్టించి, ఒక 300 కిలోమీటర్లు తిరిగి, మళ్లీ అదే బంకులో ఆటో కట్ అయ్యేదాకా కొట్టించి లెక్కేయండి, ఐదొందలకి ఎంతొచ్చింది అనే లెక్క పనికిరాదు. టైర్ల సైజు మార్చి ఉంటే ఓడోమీటర్ కూడా తేడా చూపిస్తుంది, పెద్ద టైర్లకి తక్కువ కిలోమీటర్లు తిరుగుతుంది, ఫోన్ జీపీఎస్ పెట్టి ఒక 50 కిలోమీటర్లు సరిచూసుకోండి.

తర్వాత ఎప్పుడు వేడెక్కుతోందో గమనించండి, సగం జవాబు అక్కడే దొరుకుతుంది. ట్రాఫిక్‌లో వేడెక్కి హైవే ఎక్కగానే దిగిపోతే ఫ్యాన్ మీద అనుమానం. హైవేలో స్పీడ్ మీద వేడెక్కితే రేడియేటర్ లోపల మూసుకుపోయి ఉండొచ్చు, వాటర్ పంప్ అయినా కావచ్చు, లేదా కింది హోస్ పైపు రేస్ చేసినప్పుడు లోపలికి పీల్చుకుపోతుండొచ్చు. ఘాట్‌లో మాత్రమే అయితే వీటిల్లో ఏదైనా కావచ్చు, అందుకే కింద చెప్పేది చేయాలి.

పొద్దున్నే చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేసి, ఫ్యాన్‌కి దూరంగా, రేడియేటర్ పైన ఉండే లావు హోస్ మీద చెయ్యి పెట్టండి. కొన్ని నిమిషాలు చల్లగానే ఉండి తర్వాత ఒక్కసారిగా కాలితే థర్మోస్టాట్ (ఇంజిన్ వేడెక్కేదాకా నీళ్లని రేడియేటర్‌లోకి పోనివ్వకుండా ఆపే వాల్వ్) పనిచేస్తున్నట్టే. మాది మొదటి నిమిషం నుంచే మెల్లమెల్లగా వేడెక్కుతూ వచ్చింది, విప్పి చూస్తే అసలు వాల్వే లేదు! ఎప్పుడో ఒక మెకానిక్ "తీసేస్తే చల్లగా ఉంటది సార్" అని తీసి పడేశాడు, మన దగ్గర ఇది మామూలే. వాల్వ్ లేకపోతే చదును రోడ్డు మీద ఇంజిన్ అసలు వేడే పట్టదు, ఆయిల్ చిక్కగా ఉంటుంది, డీజిల్ సరిగ్గా కాలదు, మైలేజ్ పోతుంది. మారుతీ ఓమ్నీ లాంటి పెట్రోల్ వ్యాన్‌లో ఫ్యూయల్ ఇంజెక్షన్ ఉంటే ఇంకా ఘోరం, పెట్రోల్ ఎంత పోయాలో చూసే కంప్యూటర్ ఇంజిన్ ఇంకా చల్లగానే ఉందనుకుని పెట్రోల్ ఎక్కువ పోస్తూనే ఉంటుంది.

వాల్వ్ ఉంటే పారేయకండి, టెస్ట్ చేయండి. దాని మీద 82 లాంటి నంబర్ ఉంటుంది, అది తెరుచుకునే డిగ్రీ. స్టీల్ గిన్నెలో నీళ్లు పోసి, వాల్వ్‌ని దారం కట్టి అడుగు తగలకుండా వేలాడదీసి, పక్కన థర్మామీటర్ పెట్టి స్టవ్ వెలిగించండి (జ్వరం థర్మామీటర్ కాదు, పగిలిపోద్ది). ఆ నంబర్ దగ్గర మెల్లగా నోరు తెరవాలి, చల్లారితే మూసుకోవాలి. మా ఆవిడ గిన్నె గురించి ఏమందో ఇక్కడ రాయలేను.

మరి అసలు ఆ మెకానిక్ వాల్వ్ ఎందుకు తీశాడు? అప్పటికే బండి వేడెక్కుతోంది కాబట్టి. అసలు జబ్బు రేడియేటర్‌లో ఉంది, ఏళ్లతరబడి బోరు నీళ్లే పోశాం కదా, గొట్టాల్లో సున్నం పేరుకుపోయింది. బాగా తిరిగొచ్చాక బండి ఆపేసి ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్‌తో రేడియేటర్ అంతా కొలిచి చూడండి, మధ్యమధ్యలో చల్లటి మచ్చలుంటే అక్కడ నీళ్లు పారట్లేదన్నట్టే. పాత ఇత్తడి రేడియేటర్ అయితే షాపులో ట్యాంకులు విప్పి గొట్టాల్లో సన్న రాడ్డు దోపి క్లీన్ చేస్తారు, అల్యూమినియం అయితే మార్చుకోవడమే నయం.

నీళ్లు ఎక్కడా కారకుండానే తగ్గిపోతుంటే మాత్రం హెడ్ గ్యాస్కెట్ (ఇంజిన్ పై భాగానికీ కింది భాగానికీ మధ్య ఉండే సీలు) చూపించండి. చల్లటి ఇంజిన్‌కి రేడియేటర్ మూత తీసి స్టార్ట్ చేస్తే ఆగకుండా బుడగలు రావడం, ఆయిల్ పాలు కలిపిన టీలా అవ్వడం దాని గుర్తులు. వేడి మీద మూత మాత్రం తీయొద్దు, ఒత్తిడి మీదున్న నీళ్లు మొహం మీదకి చిమ్ముతాయి.

ఇవన్నీ బాగున్నా మైలేజ్ రాకపోతే ఎయిర్ ఫిల్టర్, నల్ల పొగ వస్తుంటే డీజిల్ చిమ్మే నాజిల్స్, ఆ తర్వాత బ్రేకులు. ఒక 20 కిలోమీటర్లు పెద్దగా బ్రేక్ కొట్టకుండా నడిపి ఆపి నాలుగు చక్రాల దగ్గరా వేడి చూడండి, ఒక్కటే కాలిపోతుంటే దాని బ్రేక్ పట్టేసుకుంది.

అన్నీ బిగించాక కూలెంట్, డిస్టిల్డ్ వాటర్ సగం సగం పోయండి. బండి ముక్కు కాస్త ఎత్తులో ఉండేలా ఆపి, మూత పెట్టకుండా స్టార్ట్ చేసి, వాల్వ్ తెరుచుకుని మట్టం దిగేదాకా ఆగి, మళ్లీ నింపి మూత బిగించండి, లేకపోతే లోపల గాలి ఉండిపోయి మళ్లీ వేడెక్కుద్ది. మాది ఇప్పుడు పదిన్నర ఇస్తోంది, ఆ మిగతా అర ఏమో నీళ్ల ట్యాంకు బరువేమో అనుకుంటున్నా, ఈసారి ఖాళీ ట్యాంకుతో వెళ్లి చూడాలి.