ఉప్పునీళ్ళు తాగిన ట్రైలర్ బ్రేకులు: నా అనుభవం

నెల్లూరు జిల్లా జువ్వలదిన్నె వైపు ఫైబర్ పడవలు మోసే ట్రైలర్ ఒకటి ఏళ్ళ తరబడి ఎవరూ పట్టించుకోక నా దగ్గరికొచ్చింది. ఎడమ చక్రం అసలు తిరగదు.

అడ్జస్టర్ (బ్రేకు బిగుతు మార్చే మర) వదులు చేసి, చుట్టూ సుత్తితో తడుతూ డ్రమ్ము లాగితే లోపల ఇసక, తుప్పు. షూ లైనర్ (డ్రమ్ముకి రాసుకునే పొర) ఊడి కిందపడింది. షూలని డ్రమ్ము మీదికి నెట్టే వీల్ సిలిండర్ పిస్టన్లు బిగుసుకుపోయాయి. గాలి కొట్టి లాగేద్దామన్నారు కుర్రాళ్ళు. వద్దబ్బయ్యా, పిస్టన్ తూటాలా వస్తుంది! బ్రేక్ ఆయిల్ ప్రెషర్‌తోనే మెల్లగా బయటికి తెచ్చాం. సిలిండర్ బోరులో (లోపలి గోడకి) గోటికి తగిలే గుంటలున్నాయి. అలాంటప్పుడు కొత్త రబ్బర్ల కిట్ ఒక్కటే వేస్తే డబ్బు దండగ, సిలిండరే మార్చాలి. రబ్బర్ల దగ్గరికి పెట్రోలు, డీజిలు రానివ్వొద్దు, ఉబ్బిపోతాయి.

పాత ఆయిల్ కాఫీ డికాషన్ రంగులో ఉంది, మొత్తం పారబోశా. డాట్ 3 రకం బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. కొత్తదానికి కనీసం 205 సెల్సియస్ డిగ్రీలుండాల్సిన మరిగే స్థానం తడి పట్టాక 140 దాకా పడిపోవచ్చు. అందుకే మూత తీసిన పాత డబ్బా వాడను. తుప్పు పట్టిన స్టీలు పైపుల బదులు కాపర్-నికెల్ వేశా. ఖరీదే, కానీ ఉప్పుకి తట్టుకుంటుంది. ఉత్త రాగి మాత్రం వద్దు, అదురుకి పగులుతుంది.

ఈ ట్రైలర్‌కి బ్రేక్ పెడల్ లేదు. ముందు కప్లర్ (లాగే బండికి తగిలించే భాగం) వెనక్కి నెట్టుకుంటేనే, ఆయిల్‌ని చక్రాలకి పంపే మాస్టర్ సిలిండర్ పనిచేస్తుంది. ఒకరు రాడ్‌తో నెడుతుంటే ఇంకొకరు దూరంగా ఉన్న చక్రం నుంచి మొదలెట్టి బ్రేకు పైపుల్లోని గాలి తీశాం.

ఇప్పుడు ట్రైలర్‌ని నీళ్ళలోకి దించే ముందు డ్రమ్ములు చల్లారనిస్తాం. పైకి లాగగానే మంచినీళ్ళతో లోపల దాకా కడుగుతాం.