కుండీ మొక్క ఆకు పసుపెక్కితే: ఎరువు సంచి విప్పే ముందు

టమాటా, మిరప, వంగ లాంటివి కుండీల్లో మొదటిసారి వేసినవాళ్లు ఆకు పాలిపోగానే గుప్పెడు ఎరువు వేస్తారు. నాలుగు రోజుల్లో తేరుకోకపోతే ఇంకో గుప్పెడు వేస్తారు. మొక్క చచ్చిపోయేది ఎక్కువగా ఆ రెండో గుప్పెటితోనే. పొలంలో వేరు పక్కకు పాకి తనకు కావలసింది వెతుక్కుంటుంది, ఎక్కువైన ఉప్పు వానకు లోతుకు దిగిపోతుంది. కుండీలో ఈ రెండు దారులూ లేవు. మట్టిలో పోషకం ఉండి కూడా వేరు దాన్ని తీసుకోలేకపోవడమే కుండీల్లో తరచుగా జరిగేది. అందుకని ముందు తడి చూడండి, తర్వాత వేరు, ఆ తర్వాత జబ్బు ముదురాకుల్లో ఉందో చిగురులో ఉందో చూడండి. ఎరువు సంగతి ఆఖరున.

మట్టి తడిగానే ఉంది, మొక్క మాత్రం వాడిపోయింది

ఇది నీళ్లు తక్కువై కాదు, ఎక్కువై. వేరుకు నీరెంత అవసరమో గాలీ అంతే అవసరం. మట్టిలోని సందులన్నీ నీటితో నిండితే వేరు ఊపిరాడక కుళ్లుతుంది, కుళ్లిన వేరు నీటిని పైకి పంపలేదు. ఆకులు వేలాడటం చూసి మళ్లీ నీళ్లు పోస్తే పని ఇంకా చెడుతుంది. కింది ఆకులు పసుపెక్కడం కూడా దీనితోనే మొదలవుతుంది కాబట్టి నత్రజని లోపమని పొరబడటం తేలిక.

వేలు రెండు అంగుళాల లోతుకు దించి చూడండి. కుండీని ఎత్తి బరువు చూసుకోవడం అలవాటు చేసుకుంటే ఇంకా మంచిది. అనుమానం తీరకపోతే మొక్కను మట్టిముద్దతో సహా మెల్లగా బయటికి తీయండి. ఆరోగ్యంగా ఉన్న వేరు తెల్లగా, గట్టిగా ఉంటుంది. కుళ్లినది గోధుమ రంగుకు మారి, పట్టుకుంటే పైతొక్క జారిపోతుంది, వాసన వస్తుంది.

పై మట్టి రెండు అంగుళాల మేర ఆరేదాకా నీళ్లు ఆపండి. కింది రంధ్రాలు పూడుకుపోయాయేమో పుల్లతో పొడిచి చూడండి, పళ్లెంలో నిలిచిన నీరు పారబోయండి. వేరు తేరుకునేదాకా ఏ ఎరువూ వద్దు. మట్టి బంకగా ఉంటే కుండీలో మట్టి మార్చక తప్పదు: మట్టి ఒక వంతు, బాగా మాగిన కంపోస్ట్ ఒక వంతు, కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు) గానీ పెర్లైట్ (తేలికైన తెల్లటి రాతి గుళికలు) గానీ గరుకు ఇసుక గానీ ఒక వంతు కలపండి. అడుగున గులకరాళ్లు పరిస్తే నీరు బాగా దిగుతుందని చాలామంది నమ్మకం. అది నిజం కాదు. సన్నమట్టిలో పట్టున్న నీరు రాళ్ల మధ్య ఉన్న పెద్ద సందుల్లోకి తేలిగ్గా దిగదు, రాళ్ల పైనే నిలుస్తుంది. అంటే వేరుకు దక్కే పొడి చోటు ఇంకా తగ్గుతుంది.

ముదురాకులు ముందుగా పసుపెక్కుతున్నాయి

నత్రజని, భాస్వరం, పొటాష్, మెగ్నీషియం మొక్క లోపల ఒకచోటి నుంచి ఇంకోచోటికి కదలగలవు. కొరత వస్తే మొక్క వీటిని ముసలి ఆకుల నుంచి లాగి చిగురుకు పంపుతుంది. ఇనుము, కాల్షియం, బోరాన్ అలా కదలవు కాబట్టి వాటి లోపం చిగురులోనే బయటపడుతుంది. ఈ ఒక్క తేడా గుర్తుంటే సగం అనుమానాలు తీరిపోతాయి.

ఆకు మొత్తం ఈనెలతో సహా పసుపెక్కి, మొక్క ఎదుగుదల ఆగితే నత్రజని లోపం. అయితే అది ఎందుకు తగ్గిందో కూడా చూడాలి. సగం మాగిన పేడ, ఎండుటాకులు, రంపపు పొట్టు మట్టిలో కలిపి ఉంటే, వాటిని కుళ్లబెట్టే సూక్ష్మజీవులు ఉన్న నత్రజనిని తామే వాడేసుకుంటాయి. అప్పుడు మాగిన కంపోస్ట్ పైన పరచి, 19-19-19 (నత్రజని, భాస్వరం, పొటాష్ సమానంగా ఉన్నది) లాంటి నీటిలో కరిగే ఎరువు లీటరుకు 1 నుంచి 2 గ్రాములు కలిపి పోస్తే సరిపోతుంది. యూరియాలో 46 శాతం నత్రజని ఉంటుంది. చిన్న కుండీలో దాన్ని చేతి లెక్కన వేయడం వేరు మాడ్చడమే. గుబురుగా పెరిగిన టమాటాకు అడుగున నీడలో ఉన్న ఒకటి రెండు ఆకులు పసుపెక్కి రాలితే అది వయసు, జబ్బు కాదు.

ఈనెలు పచ్చగా ఉండి, వాటి మధ్య భాగం మాత్రం పసుపెక్కితే మెగ్నీషియం. ఎప్సమ్ సాల్ట్ (మెగ్నీషియం, గంధకం రెండూ ఉన్న లవణం) లీటరు నీటికి 5 గ్రాములు కలిపి, ఎండ తగ్గాక ఆకుల మీద పిచికారీ చేయండి. వారం ఆగి ఇంకోసారి చాలు. ప్రతివారం మందులా పోస్తూ పోతే మెగ్నీషియం కాల్షియంకు అడ్డుపడుతుంది.

ముదురాకు అంచు మాడినట్టు గోధుమ రంగుకు మారితే పొటాష్ లోపం కావచ్చు. ఉప్పు ఎక్కువైనా అంచులు, కొనలు ఇలాగే మాడతాయి. రెంటికీ మందు పూర్తిగా ఎదురుబొదురు, కాబట్టి పొటాష్ వేసే ముందు కింద ఉప్పు గురించి రాసినది చదవండి. ఇక నారు దశలో ఆకు అడుగు ఊదా రంగుకు తిరిగితే భాస్వరం లోపమని కంగారు పడకండి. చలికి వేరు దాన్ని తీసుకోలేకపోతుంది, వెచ్చబడితే చాలావరకు అదే సర్దుకుంటుంది.

చిగురు పసుపు, ఈనెలు పచ్చ

ఇది ఇనుము లోపం. కానీ మట్టిలో ఇనుము లేకపోవడం చాలా అరుదు. పీహెచ్ (మట్టి ఆమ్లమా, క్షారమా చెప్పే కొలత) పెరిగినప్పుడు అది వేరుకు అందని రూపంలోకి మారిపోతుంది. టమాటా, మిరపలకు పీహెచ్ 6 నుంచి 6.8 మధ్య హాయిగా ఉంటుంది. 7.5 దాటితే ఇనుము, మాంగనీస్, జింకు అందడం కష్టమవుతుంది. పాత్రల మీద తెల్లటి పెచ్చు కట్టే కఠిన జలం పోస్తూ ఉంటే, అందులోని బైకార్బొనేట్లు కుండీ పీహెచ్‌ను నెలనెలా పైకి నెడుతూనే ఉంటాయి. మొదట్లో పచ్చగా ఉన్న మొక్క మూడో నెలలో చిగురు పాలిపోవడానికి ఇదే కారణం కావచ్చు. బురదగా తడిసిన మట్టిలో కూడా ఇదే లక్షణం వస్తుంది, అందుకే తడి ముందు చూడమన్నాను.

ఒక వంతు మట్టికి రెండు వంతులు డిస్టిల్డ్ వాటర్ కలిపి, అరగంట ఉంచి, పీహెచ్ పట్టీతో చూడండి. ఎక్కువ ఉంటే వాన నీరు పట్టి వాడండి. ఇనుము కొనేటప్పుడు డబ్బా మీద ఏ రకమో చదవండి. ఈడీటీఏ రకం పీహెచ్ 6.5 దాటిన మట్టిలో నిలవదు, ఈడీడీహెచ్‌ఏ రకం సున్నపు మట్టిలో కూడా పనిచేస్తుంది. గంధకం పొడి పీహెచ్‌ను తగ్గిస్తుంది గానీ, దాన్ని సూక్ష్మజీవులు ఆమ్లంగా మార్చాలి కాబట్టి వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. చిగురు ఈనెలతో సహా ఒకేలా లేతగా పాలిపోతే అది గంధకం లోపం. దానికి ఎప్సమ్ సాల్టే పనికొస్తుంది.

మట్టి పైన తెల్లటి పొర, ఆకు కొనలు మాడటం

కుండీలో చౌడు తేలిందన్నమాట. ఎరువులు, కఠిన జలం మిగిల్చిన లవణాలు పేరుకుంటే వేరు నీటిని లాక్కోలేదు. మట్టి తడిగా ఉన్నా మొక్క దాహంతోనే ఉంటుంది.

పైపొర గీకి తీసేయండి. కుండీ ఎంత పడుతుందో దానికి రెండు మూడింతల మంచినీళ్లు మెల్లగా పోసి, కింది నుంచి పూర్తిగా కారిపోనివ్వండి. కారిన నీరు పళ్లెంలో ఉంచొద్దు. వేరు కుళ్లు ఉన్న మొక్కకు మాత్రం ఇలా కడగొద్దు, దానికి కొత్త మట్టే దారి. ఉప్పుతోపాటు నత్రజని, పొటాష్ కూడా కొట్టుకుపోతాయి కాబట్టి వారం తర్వాత మామూలు మోతాదులో సగం ఎరువు మొదలుపెట్టండి. అప్పటికీ కొత్తగా అంచులు మాడుతుంటే అది నిజంగా పొటాష్ లోపం. సల్ఫేట్ ఆఫ్ పొటాష్ వాడండి.

కడగని కోకోపీట్‌తో మొదటి రోజు నుంచే ఈ గొడవ ఉంటుంది. అందులో సోడియం, పొటాషియం ఎక్కువ ఉంటాయి, పైగా అది కాల్షియం, మెగ్నీషియంలను పట్టి ఉంచుకుంటుంది. కాల్షియం నైట్రేట్ కలిపిన నీటిలో నానబెట్టి, పిండి, కడిగి వాడితే ఈ రెండూ తప్పుతాయి.

టమాటా కాయ అడుగున నల్లటి, తోలులాంటి మచ్చ

కాయకు కాల్షియం అందలేదు. దీనికి గుడ్డు పెంకులు పాతిపెట్టమని అందరూ చెబుతారు. అవి కరగడానికి చాలా కాలం పడుతుంది, ఈ కాతకు అందవు. ఆకుల మీద కాల్షియం కొట్టినా అది కాయలోకి దిగదు, ఎందుకంటే కాల్షియం వేరు నుంచి వచ్చే నీటితోనే పైకి పోతుంది. ఆ నీటిలో ఎక్కువ భాగాన్ని ఆకులే లాక్కుంటాయి. ఒకరోజు ఎండగట్టి మరుసటి రోజు ముంచెత్తితే మొదట నష్టపోయేది కాయే.

మచ్చ పడ్డ కాయలు కోసేయండి. నీళ్లు క్రమంగా పోయండి, మండే ఎండల్లో చిన్న కుండీకి రెండు పూటలా కావలసి రావచ్చు. మట్టి మీద ఎండుగడ్డి గానీ ఆకులు గానీ కప్పండి, నత్రజని తగ్గించండి. మొదటి కాతకు ఇది ఎక్కువ, తర్వాతి కాయలు తరచుగా బాగానే వస్తాయి.

ముదురు ఆకుపచ్చ, ఏపుగా పెరుగుదల, పూత మాత్రం లేదు

నత్రజని ఎక్కువైంది. పేనుబంకకు ఇలాంటి లేత ఆకులంటే ప్రాణం. నత్రజని ఎరువు పూర్తిగా ఆపి, రోజుకు కనీసం ఆరు గంటల ఎండ పడేలా చూడండి.

ఆకులు ముడుచుకుంటున్నాయి

మిరపలో ఇది పోషకాల గొడవ కాకపోవడమే ఎక్కువ. ఆకు అడుగు భూతద్దంతో చూడండి. అంచులు పైకి పడవలా ముడిస్తే తామర పురుగులు, కిందికి తిరగబడి కాడ సాగితే నల్లి. నీళ్లు ఆకు అడుగుకు తగిలేలా బలంగా కొట్టి, వేపనూనె, కొద్దిగా సబ్బు నీటిలో కలిపి సాయంత్రం పిచికారీ చేయండి, వారంలో మళ్లీ చేయండి. చిగుర్లు చిన్నవై, గుత్తులుగా ముడిచి, తెల్లదోమ కూడా కనబడితే అది వైరస్ కావచ్చు. దానికి మందు లేదు. పక్క మొక్కలకు పాకకముందే ఆ మొక్కను పీకి సంచిలో కట్టి పారేయండి.