గీత గీసే ముందు అడగవలసినవి: చిన్న ఆర్కిటెక్ట్ ఆఫీసు పనిపద్ధతి

హనుమకొండలోనో కాజీపేటలోనో ఇద్దరు ముగ్గురితో ఆర్కిటెక్ట్ ఆఫీసు తెరిచినవారికి పెద్ద సంస్థలకు లేని వీలు ఒకటి ఉంటుంది: ఇల్లు కట్టించుకునేవారి మాట విన్న మనిషే ప్లాను గీస్తాడు, స్లాబు పోసేనాడు సైటులోనూ నిలబడతాడు. ఆ వీలు చేజారకుండా ఉండాలంటే మొదటిసారి కలిసినప్పుడు కంప్యూటరు తెరవకూడదు. ఎన్ని బెడ్‌రూములు కావాలని అడిగితే అందరూ మూడనే చెబుతారు. ఆ జవాబుతో ఇల్లు గీయలేము. పొద్దున అందరికంటే ముందు లేచేది ఎవరు, ఊరి నుంచి వచ్చే బియ్యం బస్తాలు ఎక్కడ దించుతారు, మేడారం జాతర జరిగే ఏడు ఎంతమంది చుట్టాలు దిగుతారు, బతుకమ్మను ఎక్కడ కూర్చుని పేరుస్తారు అని అడగాలి. వంటగదిలో ఎక్కువసేపు గడిపేవారిని విడిగా అడగాలి, ఎందుకంటే ఇంటి యజమాని పక్కనుంటే వాళ్లు చాలాసార్లు నవ్వి ఊరుకుంటారు.

తరువాత వాళ్లు ప్రస్తుతం ఉంటున్న ఇంటికి వెళ్లి ఒక పూట గడపాలి. ఒక ఇంటివారు మాడ్యులర్ కిచెన్ పెద్దగా ఉండాలని గట్టిగా చెప్పారు. నేను వెళ్లేసరికి ఆ ఇంటి పెద్దమ్మ వెనక దర్వాజ దగ్గర, నున్నగా అరిగిన శాబాదు బండ మీద పీట వేసుకుని, ఒళ్లో చాట పెట్టుకుని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తున్నది. కోడలు గడప మీద కూర్చుని మాట్లాడుతున్నది. వంటగది ఖాళీగా ఉంది. కొత్త ప్లానులో వంటగది వెడల్పు రెండడుగులు తగ్గించి, వెనక ఆరడుగుల వసారా ఇచ్చి, అందులో మోకాలెత్తు గద్దె కట్టించాము. వాళ్లు అడిగిన జాబితాలో ఆ వసారా లేనేలేదు.

స్థలం సంగతికి వస్తే, మన దగ్గర ఎక్కువగా కనిపించే 200 గజాల ప్లాటు ముప్పై అడుగుల వెడల్పు, అరవై అడుగుల పొడవు ఉంటుంది. పొడవు వైపు పక్క ఇళ్లుంటే ఎండ, గాలి ప్రధానంగా ముందు వెనకల నుంచే రావాలి. వరంగల్ సుమారు 18 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది కాబట్టి దక్షిణపు కిటికీకి రెండడుగుల చెజ్జా (కిటికీ పైన బయటికి పొడుచుకొచ్చే పలక) వేస్తే మార్చి నెల మధ్యాహ్నం నాలుగడుగుల కిటికీ అంతా నీడలో ఉంటుంది, డిసెంబరులో మాత్రం కింది భాగం నుంచి ఎండ లోపలికి వస్తుంది. పడమటి కిటికీకి అదే చెజ్జా పనికిరాదు: మే నెలలో సాయంత్రం అయిదింటి ఎండను అది ఒక్క అడుగు మేర కూడా ఆపలేదు. అందుకే పడమటి గోడకు మెట్లో, బాత్‌రూమో, అల్మారాలో ఇవ్వాలి. పడమటి ముఖం ఇంటికి గాజు ఎలివేషన్, అంటే వీధివైపు ముందుభాగమంతా గాజు, కావాలని అడిగేవారికి ఈ లెక్కను కాగితం మీద గీసి చూపిస్తే చాలామంది తామే మానుకుంటారు.

నేల నల్లరేగడి అయితే అది వానకు ఉబ్బి ఎండకు కుంగుతుంది, పునాది సరిగా లేకపోతే గోడలు పగులుతాయి. మట్టి పరీక్ష చేయించకుండా పునాది లోతు చెప్పకూడదు. వాస్తు పట్టింపు ఉంటే మొదటి రోజే తెలుసుకోవాలి. నాకు నమ్మకం ఉందా లేదా అన్నది అక్కడ అప్రస్తుతం. ప్లాను పూర్తయ్యాక వాస్తు చూసే అయ్యగారు వంటగది మూల మార్చమంటే పాడయ్యేది అందరి సమయమే.

ఫీజు, ఇచ్చే డ్రాయింగులు, సైటుకు వచ్చే సందర్భాలు ఒక ఉత్తరంలో రాసి, ఆర్కిటెక్ట్స్ చట్టం, 1972 కింద తమకున్న రిజిస్ట్రేషన్ నంబరు వేసి ఇవ్వాలి. టైల్సు దుకాణం ఇచ్చే కమీషను ముట్టకూడదు; ముడితే మన సలహా ఎవరి కోసమో మనకే తెలియకుండా పోతుంది.

ప్లాను కుదిరాక, తవ్వకానికి ముందు, మేస్త్రీతో స్థలంలో గదులన్నీ అసలు కొలతలతో ముగ్గు పోయించి ఇంటివారిని అందులో నడవమనాలి. మంచం కొలతకు నవారు పరిచి చూపాలి. కాగితం మీద పది బై పన్నెండు అంటే తలూపినవారే అక్కడ నిలబడి, తలుపు తెరుచుకునేదెటు అని అడుగుతారు. అప్పుడు గోడ జరపడానికి అయ్యే ఖర్చు పిడికెడు ముగ్గు.

గృహప్రవేశం భోజనాలయ్యాక మరోసారి వెళ్లాలి, మొదటి మే నెలలో, మధ్యాహ్నం మూడింటికి. ఇంటివాళ్లు ఏ గదిలో చాప వేసుకున్నారో, ఏ కిటికీకి దుప్పటి కట్టారో చూసి పుస్తకంలో రాసుకోవాలి.